ఒక్క దుప్పి కోసం

చలపతికి నలభై తొమ్మిదేళ్లు. అందులో పదిహేడేళ్లు మంచాలు తోయడంతోనే సరిపోయాయి. సొంత మంచాలు కావు లెండి, ఆసుపత్రి మంచాలు. సిడ్నీలో వెస్ట్‌మీడ్ అనగానే మనవాళ్లకు డాక్టర్లే గుర్తొస్తారు. మనవాడు డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో వార్డ్స్‌మన్. రోగిని వార్డు నుంచి ఆపరేషన్ థియేటరుకీ, అక్కణ్నుంచి మళ్లీ వార్డుకీ, ఒక్కోసారి తెల్లదుప్పటి నిండా కప్పి వెనకవైపు లిఫ్టులో కిందికీ, మంచంతో సహా తోసుకుపోవడం అతని పని. ఒంగోల్లో ఎం.కామ్ చదివాడు. ఇక్కడికొచ్చి ఇంకో మాస్టర్స్ కూడా చేశాడు. చివరికి తేలింది ఈ మంచాల దగ్గర. దాని గురించి అతనికి పెద్ద బాధేం లేదు. బాధపడటానికి కూడా కాస్త ఓపిక ఉండాలి కదా.

ఇలాంటి మనిషికి ఒక కోరిక ఉందంటే, అది విల్లు పట్టుకుని దుప్పిని వేటాడటమంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వారు కూడా. తెలుగు సంఘం భోజనాల్లో ఎవరో ఒకరు అతని భార్య శేషుకుమారిని పట్టుకుని, "ఏమ్మా, మీ ఆయన దుప్పుల్ని వేటాడుతున్నాడా, పెంచుతున్నాడా?" అనేవారు. మూడు చలికాలాలు తిరిగి ఒక్కటీ తేలేనివాణ్ని అనక ఏంచేస్తారు? శేషుకుమారి మొహం మాడ్చుకుని పెరుగన్నం కలుపుకునేది.

విల్లు అతని దగ్గరికి వచ్చింది కూతురి పుణ్యాన. తన్మయికి పదేళ్లప్పుడు విలువిద్య నేర్చుకుంటానని గొడవచేస్తే క్లబ్బులో చేర్పించాడు. మూడు వారాలకే ఆ పిల్లకు విసుగొచ్చి మానేసింది. తీసుకెళ్లిన తండ్రి మాత్రం అక్కడే ఉండిపోయాడు. అక్కడ ఎవరూ మాట్లాడరు. నిలబడాలి, లాగాలి, ఊపిరి బిగబట్టాలి, వదలాలి. నడుముకు పేజరు లేదు. చలపతి పేరును కుదించి "చాల్, పద్నాలుగో బెడ్డు" అని పిలిచే కేక లేదు. వారానికి రెండు గంటలు ఆ నిశ్శబ్దంలో నిలబడి వచ్చాక, మిగతా వారమంతా ఎలాగో ఈడ్చేసేవాడు.

ఒక ఆదివారం ఆ క్లబ్బులో ఒక ముసలాయన దుప్పి మాంసం సాసేజీలు తెచ్చి బార్బెక్యూ పొయ్యి మీద కాల్చి అందరికీ పెట్టాడు. "నేనే కొట్టుకొచ్చా" అన్నాడు, అంతే, గొప్పలేమీ పోలేదు. ఆ మాట చలపతికి ఎక్కడో తగిలింది. తన చేతుల మీదుగా రోజుకు ముప్ఫైమంది అటూ ఇటూ పోతుంటారు. అందులో ఏదీ తనది కాదు. సాయంత్రానికి తను ఇంటికి తెచ్చేది ఒంటినొప్పులు. ఇదిగో, ఇది నేను తెచ్చాను అని చూపించి, తన చేత్తో తాను కలుపుకుని తినే ముద్ద ఒక్కటంటే ఒక్కటి చాలనిపించింది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే వినడానికి బాగోదని అతనికీ తెలుసు.

బ్లూ మౌంటెన్స్ దాటి రెండున్నర గంటలు పోతే డగ్ అనే ముసలి రైతు గొర్రెల ఫారం ఉంది. డెబ్బై ఆరేళ్ల మనిషి, తుంటి ఎముక మార్పించుకుని కర్ర పట్టుకుని నడుస్తాడు. అతని సూడిగొర్రెల కోసం వేసిన ఓట్స్ పైరును పక్క అడవిలోంచి దుప్పులొచ్చి మేసిపోతుంటాయి. చలపతి ఎవరి ద్వారానో కనుక్కుని, గేటు దగ్గర నిలబడి, టోపీ తీసి మర్యాదగా అడిగాడు. డగ్ ఆ విల్లును, ఈ మనిషిని మార్చి మార్చి చూసి సరేనన్నాడు. ఒకటే షరతు. సెప్టెంబరు ఒకటో తారీకు నుంచి గొర్రెలు ఈనుతాయి, అప్పట్నుంచి పొలంలో పురుగు కూడా అడుగుపెట్టకూడదు. షరతు చలపతిది కూడా ఒకటుంది, తనకు తను పెట్టుకున్నది. చలికాలంలో ఆడదుప్పులు కడుపుతో ఉంటాయి, వాటి జోలికి పోడు. కుర్ర పోతు దొరికితేనే కొడతాడు.

అలా మూడేళ్లు. ఏప్రిల్లో పోతులు ఆడవాటి వెంటపడి ఒళ్లు తెలియకుండా అరుస్తుంటాయి, అప్పుడే వేటగాళ్లకు పండగ. అప్పుడూ చలపతికి దొరకలేదు. ఆగస్టుకొచ్చేసరికి వాటి మైకం దిగిపోయి, గడ్డిపోచ కదిలినా తలెత్తుతాయి. అప్పుడు అసలే దొరకలేదు. ఎన్నిసార్లు పాకినా, వందగజాలు ఉండగానే ఒక పెద్ద ఆడది తలెత్తేది, ముక్కు ఎగరేసేది, మందకు మంద చెట్లలోకి మాయమయ్యేది. తెల్లటి తోకలు చూసి చూసి అతనికి వాటి మొహాలెలా ఉంటాయో మర్చిపోయే పరిస్థితి వచ్చింది.

ఏళ్లుగా సలుపుతున్న కుడిభుజం ఈలోగా పూర్తిగా మొరాయించింది. పదిహేడేళ్ల మంచాల ఫలం. ఎత్తితే నొప్పి, దించితే నొప్పి, పడుకుంటే మరీ నొప్పి. స్కానింగు చూసి సర్జన్ ఉన్నదున్నట్టు చెప్పాడు. భుజంలో కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువు సగానికి పైగా తెగింది. సెప్టెంబరు పదహారున ఆపరేషన్. అప్పటిదాకా బరువు ఎత్తకూడదు, లాగకూడదు. మిగిలిన సగం కూడా తెగిందా, కుట్టడానికి అంచు దొరకదు, ఆ చెయ్యితో మళ్లీ మంచం తోయలేవు. ఆపరేషన్ బాగా జరిగినా సరే, విల్లు సంగతి మాత్రం మర్చిపో.

ఇంటికొచ్చి శేషుకుమారికి ఆపరేషన్ తారీకు చెప్పాడు. మిగతాది మింగేశాడు.

అంటే ఇక మిగిలింది ఆగస్టు. ఆగస్టులో శ్రావణమాసం. శ్రావణమాసంలో ఆ ఇంట్లో కోడిగుడ్డు కూడా పగలదు, ఇక దుప్పి సంగతి చెప్పాలా. శుక్రవారాలూ వ్రతాలూ అయి, వినాయకచవితి వెళ్లి, మూడోనాడు బాల్కనీలో బకెట్‌లో నిమజ్జనం చేసేసరికి నెలాఖరు వచ్చేసింది. మిగిలింది ఒక్క శని ఆదివారాలు.

శుక్రవారం సాయంత్రం అతను బట్టలు సర్దుకుంటుంటే శేషుకుమారి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఆ భుజం ఏసుకుని పోతారా ఇప్పుడు? లైట్ డ్యూటీ ఇచ్చారని చెప్పి డిశ్చార్జి కాయితాలు మోస్తన్నారు ఆస్పత్రిలో. అడవిలో మాత్రం ఇల్లెత్తుతారా?"

"విల్లు బిగువు తగ్గించాన్లేవే. నలభై ఐదు పౌన్లకి పెట్టా. చిన్నపిల్లలు లాగేది."

"చిన్నపిల్లలకి భుజాలుంటయ్యి."

"ఈ ఒక్కసారే. మళ్లీ అడగను."

ఆ గొంతులో ఏం వినిపించిందో, ఆవిడ లోపలికెళ్లి పులిహోర డబ్బా, దాంతోపాటు బామ్ సీసా తెచ్చి సంచిలో పడేసింది. "పొద్దున్నే రాసుకోండి. లేకపోతే చెయ్యి లేవదు మీకు" అంది.

సోఫాలో ఉన్న తన్మయి ఫోన్లోంచి తలెత్తకుండానే, "నాన్నా, జస్ట్ బై సమ్ ల్యాంబ్," అంది. యూనివర్సిటీలో రెండో సంవత్సరం చదువుతోంది, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

శనివారం తెల్లవారుజామున ఫారం గేటు పక్కన కారాపి, చలపతి ఎప్పటిలాగే తయారయ్యాడు. వాసన పట్టకుండా ఎంత జాగ్రత్తపడతాడో చూస్తే జాలేస్తుంది. వాసన లేని సబ్బుతో స్నానం. వేటబట్టలు వంటసోడాతో ఉతికి, ఇంట్లో పోపు వాసన తగలకుండా కారు డిక్కీలోనే దాచుకుంటాడు. ముందురోజు నుంచి కాఫీ మానేస్తాడు. చేతులకు యూకలిప్టస్ ఆకులు నలిపి రుద్దుకుంటాడు. అన్నీ అయ్యాక చొక్కా గుండీలు విప్పి, భుజానికి దండిగా బామ్ పట్టించి, గుండీలు పెట్టుకుని, గాలివాటం చూసుకుని బయల్దేరాడు.

పెద్ద ఆడదుప్పి నూట ఇరవై గజాల్లో తలెత్తింది. ముక్కు ఎగరేసింది. పోయింది.

ఆ మంచులో అలాగే కూర్చుండిపోయాడు. కోపం కూడా రాలేదు. ఎవరిమీదని వస్తుంది? తొమ్మిదింటికి లేచి, డగ్ ఇంటికి టీకి వెళ్లాడు. వంటింటి తలుపు తీయకముందే లోపలి కుక్క రెండుసార్లు తుమ్మింది.

డగ్ కెటిల్ పొయ్యిమీద పెట్టి, వాసన చూస్తూ అన్నాడు. "మేట్, ఒకటడగనా? మూడేళ్లుగా నువ్వు ఈ గదిలోకి రాకముందే నాకు మా నాయనమ్మ గుర్తొస్తుంది. ఆవిడ జలుబు చేసినప్పుడు ఛాతీకి ఏదో రాసుకునేది. నువ్వు రాసుకునేదేంటి?"

"బామ్. భుజానికి."

"వేటకెళ్లేటప్పుడు కూడా?"

"వేటకెళ్లేటప్పుడే."

డగ్ కర్రను బల్లకానించి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. "నాకు వాసన తెలిసి ఆరేళ్లయింది మేట్, ముక్కు పోయింది. నాకే తెలుస్తుందంటే ఇక వాటి సంగతేంటి! అవతలి కొండమీదున్నవాటికి కూడా తెలిసి ఉంటుంది."

చలపతికి మొదట నవ్వు రాలేదు. చొక్కా కాలరు లాగి వాసన చూశాడు. ఏమీ తెలియలేదు. నిజంగానే తెలియలేదు. తలనొప్పికి బామ్, జలుబుకి బామ్, నడుంనొప్పికి బామ్. పుట్టిన దగ్గర్నుంచీ అమ్మ చేతికీ, దుప్పటికీ, దిండు గలీబుకీ ఉన్న వాసన అది. వాళ్లింట్లో దాన్ని ఎవరూ వాసన కింద లెక్కవేసి ఎరగరు. పోపు వాసనకు భయపడి బట్టలు డిక్కీలో పెట్టుకున్నవాడు, ఆ బట్టల లోపల మూడేళ్లుగా ఊరంతటికీ చాటింపు వేసుకుంటూ తిరిగాడు. తలచుకున్నకొద్దీ నవ్వొచ్చింది, నవ్వితే భుజం కలుక్కుమంది.

కానీ నవ్వు ఆగాక అసలు సంగతి తలకెక్కింది. బామ్ రాసుకుంటే దుప్పి నిలబడదు. రాసుకోకపోతే చెయ్యి లేవదు. మిగిలింది ఒక్క తెల్లవారుజాము.

డగ్ ఇంటి వెనక గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్లకు కట్టిన స్నానాలగది ఉంది. అందులో ఆ సాయంత్రం భుజం ఎర్రగా కమిలేదాకా తోముకున్నాడు. చొక్కాలూ బనీన్లూ అన్నీ మళ్లీ ఉతికి కంచె తీగమీద ఆరేశాడు. ఉన్ని షెడ్డులో పడుకున్నాడు గానీ పడుకున్నదెంతసేపు? బామ్ లేని భుజం లోపల ఎవరో గుండ్రాయి తిప్పుతున్నట్టుంది. మంచాల సంగతి ఆలోచించాడు. ఫ్లాటు అద్దె, తన్మయి ఇంకా రెండేళ్ల చదువు, చైల్డ్‌కేర్‌లో మధ్యాహ్నందాకా నిలబడి వచ్చే శేషుకుమారి కాళ్లు. చెయ్యి పోతే ఇవన్నీ ఏమవుతాయో అతనికి బాగా తెలుసు. పొద్దున్నే వెళ్లి ఊరికే చూసివద్దాం, దగ్గరకు రానిస్తాయేమో చూసి వచ్చేద్దాం అనుకున్నాడు. అలా అనుకున్నాకే కాస్త కునుకు పట్టింది.

ఆదివారం ఇంకా చీకటుండగానే బయల్దేరాడు. పచ్చికంతా తెల్లగా మంచు గడ్డకట్టి, బూటు వేస్తే అప్పడంలా విరుగుతోంది. బూట్లు విప్పి కంచె దగ్గర పెట్టి మేజోళ్లతో నడిచాడు. నాలుగడుగులకే అవి తడిసి, పాదాలు తనవి కాకుండా పోయాయి. గాలి పడమటినుంచి మొహానికి కొడుతోంది. ఓట్స్ పొలం అంచున పడిపోయిన పెద్ద యూకలిప్టస్ చెట్టు మోడు ఉంది. దాని వెనక మోకాళ్లమీద కూర్చుని, బాణం సంధించి, విల్లును మోడుకానించి ఎదురుచూశాడు.

తూరుపు తెల్లబడుతుండగా వచ్చాయి. ముందు ఆ పెద్ద ఆడదే. చెట్ల అంచున నిలబడి ముక్కు ఎగరేసింది. చలపతి కళ్లు దించుకున్నాడు. మళ్లీ ఎత్తి చూసేసరికి అది తల వంచి మేస్తోంది. వెనక ఒక్కొక్కటే బయటకొచ్చాయి. మొత్తం పదకొండు. చలికాలపు బొచ్చులో చుక్కలన్నీ మాసిపోయి, బూడిదరంగుకు తిరిగి ఉన్నాయి. అవి ఓట్స్ పరపరా కొరుకుతున్న చప్పుడు వినపడుతోంది. వాటి ఊపిరి ఆవిరి కనపడుతోంది. మూడేళ్లలో ఇంత దగ్గరగా అతను వాటి మొహాలు చూడలేదు.

పదకొండోది కుర్ర పోతు. కొమ్ములింకా చీలలేదు, రెండు పుల్లల్లా ఉన్నాయి. మేసుకుంటూ మేసుకుంటూ మోడు దగ్గరికే వచ్చింది. ఇరవై గజాలు. పద్దెనిమిది. పక్కకు తిరిగింది. ముందుకాలు ఒకడుగు ముందుకు వేసింది. దాని వెనక బాణం దిగాల్సిన చోటు అరచేయంత మేర ఖాళీగా కనపడుతోంది. ఇంతకంటే మంచి అదను ఏ వేటగాడికీ రాదు.

చూశాం కదా, ఇక వెళ్దాం, అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

అప్పుడు వచ్చింది కోపం, పదిహేడేళ్ల కోపం ఒక్కసారి. ఈ చెయ్యి ఎవరిదసలు? పొద్దున ఆరింటినుంచి ఆసుపత్రిది. సాయంత్రం నొప్పిది. ఆపరేషనయ్యాక మళ్లీ ఆసుపత్రిదే. నాది ఎప్పుడు? ఒక్క గుక్కెడు ఊపిరి తీసుకునేంత సేపు కూడా నాది కాదా? ఈ మాటలన్నీ విడివిడిగా అనుకున్నాడో లేదో గానీ, విల్లు మాత్రం పైకి లేచింది.

చక్రాలున్న విల్లు అది. సగందాకా లాగడమే కష్టం. ఆ గట్టు దాటితే బరువంతా చక్రాలే మోస్తాయి, అప్పుడు ఆపి పట్టుకోవడం తేలిక. మొదటిసారి గట్టుదాకా వచ్చి ఆగిపోయింది. నారిని మెల్లగా వెనక్కి పోనిచ్చాడు. కుర్ర పోతు తలెత్తి ఇటే చూసింది. చలపతి రెప్ప వెయ్యలేదు. అది మళ్లీ తల దించింది.

రెండోసారి పళ్లు బిగించి, వీపునంతా పెట్టి లాగాడు. గట్టు మీదకు వచ్చేసరికి భుజం లోపల పాతగుడ్డ చిరిగినట్టు ఏదో పర్రుమంది. బయటికి వినపడిందని అతని నమ్మకం. కళ్ల ముందు తెల్లగా అయిపోయింది. కానీ అప్పటికే గట్టు దాటింది, చక్రాలు బరువందుకున్నాయి. పిడికిలి చెంపకు ఆనింది. ఎంతసేపు ఆగుతుందో తెలియని చెయ్యి అది. ముందుకాలి వెనక వెంట్రుకలు కనపడ్డాయి. వేలు కదిపి బాణం వదిలాడు.

పోతు ఒక్క గెంతు గెంతి చెట్లలోకి పరిగెత్తింది. మిగతా పదీ దాని వెనకే పోయాయి. పొలం ఖాళీ అయింది.

కొట్టాక అరగంట కదలకూడదు. తొందరపడి వెంటపడితే గాయపడ్డ జంతువు ఎంతదూరమైనా పోతుంది. చలపతి ఆ అరగంటా మోడుకు జారగిలబడి కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. ఎత్తమంటే ఎత్తలేదు. వేళ్లు కదులుతున్నాయి, మోచెయ్యి వంగుతోంది, భుజం మాత్రం పలకడం లేదు. ఆ నొప్పికి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఏం చేశానో నాకు తెలుసు, ఏం చేశానో నాకు తెలుసు అని పదేపదే అనుకున్నాడు. తగిలిందో లేదో మాత్రం తెలియదు. తగలకపోయి ఉంటే తను బతికి ఇంటికెలా వెళ్లాలో కూడా తెలియదు.

బాణం పొలంలోనే దొరికింది, ఈకలదాకా ఎర్రగా. అక్కణ్నుంచి నలభై అడుగుల్లో, ఫెర్న్ పొదల పక్కన, పోతు ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. తన్నుకున్న గుర్తులు కూడా లేవు. పక్కన కూర్చుని ఎడమచెయ్యి దాని మెడమీద వేశాడు. ఇంకా వెచ్చగా ఉంది. సంతోషమేసింది. సిగ్గు కూడా వేసింది గానీ ముందు వచ్చింది సంతోషమే, అబద్ధమెందుకు. కళ్లు తుడుచుకోబోతే కుడిచెయ్యి రాలేదు.

ఎడమచేత్తో ఫోన్ చేస్తే డగ్ తన చిన్న ట్రక్కు వేసుకుని వచ్చాడు. పోతును చూశాడు, వేలాడుతున్న చేతినీ చూశాడు, ఈలవేశాడు. కోసి శుభ్రం చేసింది ఆయనే, కర్ర పక్కన పెట్టి, మోకాళ్లమీద కూర్చుని, మూలుగుతూ. "మంచి దెబ్బ. దానికి తెలిసే లోపే అయిపోయింది" అన్నాడు. చల్లగా ఉంచే ఎస్కీ పెట్టెలో ఐసు, మాంసం నింపి కారులో పెట్టాడు. "డ్రైవ్ చేయగలవా?" అని మాత్రం మూడుసార్లు అడిగాడు.

ఒంటిచేత్తో వెస్ట్‌మీడ్ చేరేసరికి ఐదు గంటలు పట్టింది.

సోమవారం సర్జన్ దగ్గరికి శేషుకుమారి కూడా వెళ్లింది. ఆయన కొత్త స్కానింగు చూశాడు, పాతది చూశాడు, కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "లాగొద్దని స్పష్టంగా చెప్పాను కదా," అన్నాడు. పూర్తిగా తెగింది, అంచు లోపలికి పోయింది. ఆపరేషన్ చేస్తాం, అన్నం తినడానికి, చొక్కా వేసుకోవడానికి పనికొస్తుంది. మంచాలు తోసే ఉద్యోగం మాత్రం వేరే చూసుకోవాల్సిందే.

"చెప్పారా? ముందే చెప్పారా ఈయనకి?" అని శేషుకుమారి ఇంగ్లీషులో రెండుసార్లు అడిగింది. ఆయన తలూపాడు. ఆవిడ బ్యాగు తీసుకుని లేచింది.

తర్వాత మూడురోజులు ఆ ఇంట్లో మాటల్లేవు. అతని చొక్కా గుండీలు పెట్టింది, ఒళ్లు రుద్దింది, మందులు చేతికిచ్చింది, అన్నీ చేసింది, మాట మాత్రం లేదు. తిడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. తన్మయి గదిలోంచి వచ్చి, "నాన్నా, వై వుడ్ యూ డూ దట్?" అని ఏడుపుగొంతుతో అడిగితే, "ఏమో నాన్నా" అన్నాడు.

నాలుగోరోజు సాయంత్రం అతను లేచేసరికి ఇల్లంతా అల్లంవెల్లుల్లి వేగుతున్న వాసన. కుక్కరు ఏడో విజిల్ వేస్తోంది. కొవ్వు లేని మాంసం, ఓ పట్టాన ఉడకదు. ధనియాలు, లవంగాలు, ఎండుకొబ్బరి ఆవిడ రోట్లో నూరి వేసింది. మిక్సీ పక్కనే ఉంది, అయినా రోట్లోనే నూరింది, గట్టిగా, చప్పుడయ్యేలా.

కంచం తెచ్చి అతని ముందు పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను ఎడమచెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతిని పక్కకు తోసి, తనే అన్నంలో కూర కలిపింది. ముక్క చిదిపి, ముద్ద చేసి, నోటి దగ్గర పెట్టింది.

"తెరవండి."

నోరు తెరిచాడు. నమిలాడు. గట్టిగా ఉంది, కొంచెం చేదు, కొంచెం అడవి. మసాలా బాగా పట్టింది. ఇదే. మూడు చలికాలాలు దేనికోసం పాకాడో అది ఇదే, నోట్లో ఉంది.

"ఎట్టా ఉంది?" నాలుగో రోజున ఆవిడ అడిగిన మొదటి మాట.

"బాగుంది."

"ఇంత మాత్రానికేనా?" అంది ఆవిడ. "ఇంత మాత్రానికేనా చెయ్యి పోగొట్టుకుంది? నాకు చెప్పకుండా, పిల్ల సంగతి అనుకోకుండా, ఇంత ముక్క కోసమేనా?"

అబద్ధం చెప్పొచ్చు. పొరపాటైపోయింది అనొచ్చు, ఆవిడ నమ్మకపోయినా ఊరుకునేది. అతనికి ఇక ఆ ఓపిక లేదు.

"ఇంత మాత్రానికే, శేషూ," అన్నాడు. ఏడుపు ఆగలేదు. కంచం మీదికి వంగి, ఒళ్లంతా కదిలిపోయేలా ఏడ్చాడు. భుజం నొప్పి పుట్టి ఇంకా ఏడ్చాడు.

శేషుకుమారి ఎడమచేత్తో కొంగు తీసి అతని మొహం తుడిచింది. తర్వాత ఇంకో ముద్ద కలిపి, దాని ఆవిరి పోయేదాకా ఊది, అతని నోటికి అందించింది.